స్టాల్ పెంచాలా, లాకప్ గట్టి చేయించాలా? నా టార్క్ కన్వర్టర్ అనుభవం

మాది డీజిల్ సెడాన్. వెనక చక్రాలు లాగే రకం, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఇందులో ఉంది. కంపెనీ లెక్క ప్రకారం ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 380 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించాక 460 దాకా వెళ్లింది. ఆ తర్వాత కొన్నాళ్లకు నాలుగో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఆర్పీఎం ముల్లు ముందు లేస్తోంది, బండి తర్వాత అందుకుంటోంది. 60, 70 స్పీడ్‌లో తేలిగ్గా వెళ్తున్నప్పుడు సన్నటి వణుకు కూడా మొదలైంది. టైర్లు బ్యాలెన్స్ చేయించినా అది పోలేదు.

తెలిసినవాళ్లను అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "హై స్టాల్ కన్వర్టర్ వేయించు, పికప్ అదిరిపోద్ది." చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఒకసారి డ్రాగ్ రేసుకు బండి తీసుకెళ్లాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది కాబట్టి ఆ మాట చెవికి ఇంపుగానే వినిపించింది. కానీ ఇదే బండి మీద విజయవాడ పటమట నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా పని మీద తిరుగుతాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడేదీ ఇదే, మే నెల ఎండలో వారధి దాటేదీ ఇదే. ఒక్క కన్వర్టర్ ఈ రెండు పనులూ చెయ్యాలి. అందుకని డబ్బు కట్టేముందు స్టాల్ అంటే ఏమిటో, నా బండి ఎక్కడ నష్టపోతోందో తెలుసుకోవాలనుకున్నాను.

ముందుగా ఒక మాట. మన దగ్గర క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ ఆటోమేటిక్ అనేస్తాం. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రంతో మార్చేది) బళ్లలో, డీసీటీ (రెండు క్లచ్చులది) బళ్లలో ఉండేవి క్లచ్చులే, టార్క్ కన్వర్టర్ ఉండదు. విడివిడి గేర్లు లేని సీవీటీల్లో కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. నా బండిది అసలు సిసలు టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్. మీ బండిలో ఏముందో తేల్చుకోకుండా ఈ వ్యవహారంలోకి దిగొద్దు.

నాకు ఈ విషయం అర్థమయ్యేలా చెప్పింది జవహర్ ఆటోనగర్‌లోని ఒక మేస్త్రి. ఆయన షెడ్‌లో ఎక్కువగా జేసీబీలు, ఫోర్క్‌లిఫ్టులు ఉంటాయి. జేసీబీ బ్యాక్‌హో లోడర్లో కూడా టార్క్ కన్వర్టరే ఉంటుందన్న సంగతి అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు. మేస్త్రి నన్ను షెడ్ బయట ఒక మట్టిగుట్ట దగ్గరికి తీసుకెళ్లి, ట్రయల్‌కు తీసిన బండిని చూపించారు. ముందు బకెట్ మట్టిలోకి దిగింది, బండి కదలడం ఆగింది, ఇంజిన్ మాత్రం గట్టిగా అరుస్తూనే ఉంది.

"చూశారా బాబూ, చక్రం ఆగింది, ఇంజిన్ ఆగలా. ఇప్పుడు ఇంజిన్ ఎన్ని ఆర్పీఎం తిరుగుతోందో అదే స్టాల్. అంతకుమించి తిప్పడానికి దానికి బలం చాలదు," అన్నారు.

ఆ మాటతో సగం చిక్కు విడిపోయింది. కన్వర్టర్ లోపల నూనెలో మూడు రెక్కల చక్రాలుంటాయి. ఇంజిన్‌తో పాటు తిరిగేది పంప్, దాన్నే ఇంపెల్లర్ అంటారు. గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను తిప్పేది టర్బైన్. రెండిటి మధ్య ఉండేది స్టేటర్. పంప్ విసిరిన నూనె టర్బైన్‌ను నెట్టి వెనక్కి వచ్చేటప్పుడు పంప్‌కు ఎదురు దిశలో తిరుగుతూ వస్తుంది. స్టేటర్ ఆ నూనెను మళ్లించి పంప్ తిరిగే వైపే పంపిస్తుంది. టార్క్ పెరిగేది ఆ మళ్లింపు వల్లే. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఇచ్చినదానికి దాదాపు రెండింతలు గేర్‌బాక్స్‌కు చేరుతుంది. టర్బైన్ వేగం పంప్ వేగంలో 85, 90 శాతానికి చేరేసరికి స్టేటర్ తన వన్‌వే క్లచ్ మీద వదులుగా తిరగడం మొదలుపెడుతుంది. అక్కడితో ఆ పెంపు అయిపోతుంది. ఆ పైన లాకప్ క్లచ్ పడి పంప్‌ను, టర్బైన్‌ను ఒకటిగా పట్టేస్తుంది.

హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం. మామూలు కార్లలోకి 1948లో బ్యూక్ డైనాఫ్లోతో వచ్చింది, మరుసటి ఏడాదే ప్యాకార్డ్ అల్ట్రామాటిక్‌లో లాకప్ క్లచ్ కూడా చేరింది. జారుడుతోనే, అంటే టర్బైన్ పంప్ కంటే వెనకబడి తిరుగుతుండగానే, నడిపితే ఎంత శక్తి వృథా అవుతుందో వాళ్లకు అప్పుడే తెలిసిపోయిందన్నమాట.

ఇక స్టాల్ స్పీడ్ సంగతి. కేటలాగుల్లో 2400, 2800, 3200 అని అంకెలు వేసి అమ్ముతారు. చూస్తే కన్వర్టర్‌కు పుట్టుకతో వచ్చిన అంకెలా ఉంటుంది. కానీ ఇంజిన్ టార్క్ పెరిగితే అదే కన్వర్టర్ స్టాల్ కూడా పెరుగుతుంది. పంప్ మింగే టార్క్ ఆర్పీఎం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, స్టాల్ ఇంజిన్ టార్క్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. రీమ్యాప్‌కు ముందు నా బండి స్టాల్ 2100. 460ని 380తో భాగించి వర్గమూలం తీస్తే 1.1 వస్తుంది. అంటే కన్వర్టర్‌ను ముట్టుకోకుండానే నా స్టాల్ 2300కు చేరి ఉండాలి. కొలిస్తే అటూ ఇటూగా అంతే వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. కాగితం మీద వేసిన లెక్క బండి మీటర్లో కనబడితే వచ్చే ధైర్యం వేరు.

ఈ కొలత గురించి ఒక హెచ్చరిక చెయ్యాలి. బ్రేక్ గట్టిగా తొక్కి, డీ లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఆర్పీఎం ఎక్కడ ఆగుతుందో చూడటమే స్టాల్ టెస్ట్. చక్రం తిరగడం లేదు కాబట్టి ఇంజిన్ శక్తంతా నూనెను వేడెక్కించడానికే పోతుంది. 380 న్యూటన్ మీటర్లు, 2100 ఆర్పీఎం అంటే సుమారు 84 కిలోవాట్లు. కన్వర్టర్లో ఉండేది మూడు, నాలుగు లీటర్ల నూనె. లెక్క వేస్తే దాని వేడి సెకనుకు పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అందుకే 5 సెకన్లు దాటకూడదు, తర్వాత న్యూట్రల్లో పెట్టి నూనె చల్లబడనివ్వాలి, బండి ముందు మనిషి నిలబడకూడదు. కొత్త బళ్లలో చాలావాటికి బ్రేక్ మీద ఉన్నప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) టార్క్‌ను తగ్గించేస్తుంది. అలాంటి బండిలో ఈ టెస్ట్ చూపించే అంకె అసలు స్టాల్ కంటే తక్కువ ఉంటుంది.

ఇక నా బండి ఎక్కడ నష్టపోతోంది? దీనికి మాటలు కాదు, కొలత కావాలి. స్కానర్ పెట్టి ఇంజిన్ ఆర్పీఎం, టర్బైన్ ఆర్పీఎం, లాకప్ ఆదేశం, గేర్ ఆయిల్ వేడి రికార్డు చేస్తూ తెల్లవారుజామున వారధి దాటి మంగళగిరి మీదుగా కాజా టోల్ ప్లాజా వైపు వెళ్లాను. మా తమ్ముడు పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ చూశాడు. స్పీడ్ లిమిట్ దాటాల్సిన అవసరం రాలేదు, నాలుగో గేర్లో 60 నుంచి పైకి లాగితే చాలు.

బండి కదిలేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మన డీజిల్‌కు 1800 నుంచే పూర్తి టార్క్ ఉంది, స్టాల్ 2300. సిగ్నల్ దగ్గర వదలగానే ఇంజిన్ తన బలమైన చోటికి చేరిపోతోంది. తేడా లాకప్ పడిన తర్వాతే. తేలిగ్గా వెళ్తున్నప్పుడు పంప్‌కు, టర్బైన్‌కు మధ్య తేడా 20 ఆర్పీఎం లోపు. పూర్తిగా తొక్కగానే లాకప్ ఆదేశం అలాగే ఉంది, తేడా మాత్రం 200కు ఎగబాకింది. అంటే క్లచ్ పట్టుకోలేక జారుతోంది. 460 న్యూటన్ మీటర్ల దగ్గర 200 ఆర్పీఎం జారితే ఆ సన్నటి లైనింగ్ మీద 9, 10 కిలోవాట్ల వేడి పుడుతుంది. అయిదు గీజర్లు ఒకేసారి ఆన్ చేసినట్టు. తేలిగ్గా వెళ్తున్నప్పుడు వచ్చే వణుకు కూడా ఈ లైనింగ్ నున్నబడిపోవడం వల్లేనని మేస్త్రి చెప్పారు.

"గ్రాఫ్ చూడన్నయ్యా, మొదట్లో ఏమీ లేదు, పైన పోతోంది," అన్నాడు మా తమ్ముడు. నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

అయినా హై స్టాల్ మాటను వెంటనే కొట్టిపారెయ్యలేదు, కొందరు సప్లయర్లతో మాట్లాడాను. కంపెనీ దానికంటే డయామీటర్ చిన్నదైన కన్వర్టర్ వేస్తామన్నారు ఒకరు. పంప్ మింగే టార్క్ డయామీటర్ అయిదో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 10 శాతం చిన్నది వేస్తే మింగేది 59 శాతానికి పడిపోతుంది, స్టాల్ 30 శాతం పెరుగుతుంది. అంటే నా 2300 కాస్తా 3000 అవుతుంది. నా ఇంజిన్ 4500కే అయిపోతుంది. 3000 దాకా జారుతూనే ఉంటే నాకున్న మంచి టార్క్ 1800 నుంచి 2800 మధ్యదంతా నూనెలో కలిసిపోయినట్టే. పెట్రోల్ ఇంజిన్లో పైన మాత్రమే బలం ఉన్నప్పుడు, వాల్వులను తెరిచే క్యామ్ పెద్దది వేసినప్పుడు, పెద్ద టర్బో ఆలస్యంగా అందుకుంటున్నప్పుడు హై స్టాల్ నిజంగా పనికొస్తుంది. అమెరికా వీ8 డ్రాగ్ బళ్లలో 4000, 5000 స్టాల్ పెట్టేది అందుకే. కింద బలం ఉన్న డీజిల్‌కు అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

పైగా లాకప్ పడనప్పుడు, అంటే సిటీ ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్డు మీద, వదులు కన్వర్టర్ ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది. 45 డిగ్రీల ఎండలో, ఏసీ కండెన్సర్ వెనక ఉన్న కూలర్‌కు తగిలేది అప్పటికే వేడెక్కిన గాలి. కొండవీడు ఘాట్ ఎక్కినప్పుడు నా గేర్ ఆయిల్ 118 డిగ్రీలు చూపించింది. అది పాత స్టాల్‌తోనే. ఇంకా వదులు చేస్తే ఎక్కడికి పోయేదో!

ట్యూనర్ ఇంకో దారి చెప్పాడు. గేర్‌బాక్స్ కంప్యూటర్లో లాకప్ ప్రెషర్ పెంచుతానన్నాడు. ప్రెషర్ పెరిగితే పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ లైనింగ్ ఇప్పటికే పాడై ఉంటే దాన్ని మరింత గట్టిగా నొక్కి ఏం లాభం? ముందు లైనింగ్, తర్వాత ప్రెషర్ అనుకున్నాం. స్టాల్ యథాతథంగా ఉంచి, లాకప్‌కు మంచి రకం లైనింగ్ వేయించి, గేర్ ఆయిల్‌కు విడిగా పెద్ద కూలర్ పెట్టించాలని తేల్చుకున్నాను. బయటి దేశాల్లో ఎక్కువ డిస్కుల లాకప్‌తో తయారైన కన్వర్టర్లు దొరుకుతాయి. డిస్కులు పెరిగితే పట్టే ముఖాలు పెరుగుతాయి, అదే ప్రెషర్‌కు ఎక్కువ టార్క్ మోస్తాయి. 600 న్యూటన్ మీటర్ల లక్ష్యం ఉంటే నేను అటే వెళ్లేవాణ్ని. 460కి అంత అక్కర్లేదు.

గేర్‌బాక్స్ దించే రోజు ఆటోనగర్‌లోనే ఉన్నాను. కన్వర్టర్‌ను లేత్ మీద బిగించి, చుట్టూ ఉన్న వెల్డింగ్ కోసి తెరిచారు. లోపలి నూనె నల్లగా, మాడు వాసన వేస్తోంది. లాకప్ లైనింగ్ గరుకుదనమంతా పోయి నున్నగా మెరుస్తోంది, ఎదురుగా ఉన్న స్టీల్ ముఖం మీద నీలి మచ్చలు. స్కానర్లో చూసిన 200 ఆర్పీఎం ఇక్కడ చేత్తో తడిమి చూడగలిగాను. మేస్త్రి స్టేటర్‌ను వేళ్లతో తిప్పారు. ఒకవైపు తేలిగ్గా తిరిగింది, రెండోవైపు కదల్లేదు. "ఇది బాగుందండి. రెండు వైపులా తిరిగిపోతే బండికి మొదటి ఊపు ఉండదు. రెండు వైపులా పట్టేస్తే పైన స్పీడ్ అందదు, నూనె కాగిపోద్ది," అన్నారు. వణుకు, వేడి కనబడగానే కన్వర్టర్ మొత్తం మార్చేయకుండా ఇలా తెరిచి చూడటం ఎంత మంచిదో నాకు అప్పుడే తెలిసింది.

రెక్కల అంచులు కూడా చూశాం. కంపెనీ కన్వర్టర్లలో చాలావాటికి రెక్కలను గాడుల్లో మడిచి బిగిస్తారు. ఎక్కువ బలానికి వాడేవాటిలో కొలిమిలో రాగి కరిగించి గుల్లకు అతికిస్తారు. నావి కదల్లేదు, అలాగే వదిలేశాం. కొత్త లైనింగ్, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసి మళ్లీ వెల్డింగ్ చేశారు. డయల్ గేజ్ పెట్టి వంకర చూశారు, గాలి పట్టి నీళ్లలో ముంచి లీక్ చూశారు, చివర్లో బ్యాలెన్స్ చేశారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసే షాపుకైనా కన్వర్టర్ ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం. నిమిషానికి నాలుగు వేల సార్లు తిరిగే వస్తువు అది.

బిగించేటప్పుడు మేస్త్రి కుర్రాళ్లను పక్కకు పంపి తనే పట్టుకున్నారు. ముందు కన్వర్టర్లో కొంత కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) పోశారు. తర్వాత షాఫ్ట్ మీదకు తోస్తూ, మెల్లగా తిప్పుతూ పోయారు. ఒక టక్, టర్బైన్ పళ్లు కూర్చున్నాయి. ఇంకో టక్, స్టేటర్ పళ్లు. మూడోది గేర్ ఆయిల్ పంప్‌ది. మూడోది పడకుండానే గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు బిగిస్తే ఆ ఆయిల్ పంప్ పగిలిపోతుంది, పెద్ద ఖర్చు. అన్నీ కూర్చున్నాక కన్వర్టర్‌కు, ఇంజిన్ వైపు ఉండే ఫ్లెక్స్ ప్లేటుకు మధ్య సందు కొలిచారు. 3 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. "సందు లేకపోతే బోల్టు ముట్టుకోనండి," అన్నారాయన. కంపెనీ చెప్పిన గ్రేడు నూనే పోశాం. గేర్‌బాక్స్ కంప్యూటర్ పాత అలవాట్లను స్కానర్‌తో చెరిపేశాం, మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి కాబట్టి. కొన్నాళ్లు పూర్తిగా తొక్కకుండా నడిపాను.

కూలర్‌కు థర్మోస్టాట్ ఉన్నది ఎంచుకున్నాను. నూనె మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు, వేడెక్కాకే కూలర్‌లోకి వెళ్లాలి. దాన్ని కండెన్సర్ వెనక కాకుండా బంపర్ కింద నేరుగా గాలి తగిలేచోట పెట్టించాను. నన్నడిగితే బండి బలం పెంచేవాళ్లు కన్వర్టర్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దీని మీద.

తర్వాత అదే రోడ్డు మీద అదే స్కానర్‌తో కొలిచాం. నాలుగో గేర్లో పూర్తిగా తొక్కితే లాకప్ తేడా 30 దాటలేదు. వణుకు పోయింది. కొండవీడు ఎక్కితే నూనె 96 దగ్గర నిలబడింది. 60 నుంచి 100కు అందుకోవడం, ముల్లు, బండి కలిసి లేవడం చూస్తుంటే రీమ్యాప్‌కు కట్టిన డబ్బుకు ఇప్పుడే ఫలితం దక్కిందనిపించింది.

మా తమ్ముడి బండిది మాత్రం వేరే లెక్క. వాడిది ముందు చక్రాలు లాగే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, టార్క్ కన్వర్టరే. పెద్ద టర్బో వేయించాడు, 3000 దాటితే కానీ బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి) రాదు. కంపెనీ స్టాల్ 2100. సిగ్నల్ దగ్గర బండి ఈడుస్తూ కదులుతుంది. వాడికి నిజంగానే స్టాల్ పెంచాలి, 3000 అని రాసి ఉన్న కన్వర్టర్ ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఏ టార్క్ దగ్గర కొలిచిన 3000 అది అని సప్లయర్‌ను అడగమన్నాను. 400 న్యూటన్ మీటర్ల దగ్గర అని జవాబొచ్చింది. తమ్ముడి ఇంజిన్ బూస్ట్ అందకముందు ఇచ్చేది 200. సగానికి వర్గమూలం 0.707. ఆ కన్వర్టర్ వాడి బండిలో 2120 దగ్గర ఆగిపోతుంది, ఇప్పుడున్నదానికి దానికీ తేడా ఉండదు. అడ్వాన్సు కట్టకుండా ఆగాడు. సప్లయర్ ఇప్పుడు 2000, 2500, 3000 దగ్గర విడివిడిగా టార్క్, బండి బరువు, టైరు సైజు, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి, వారంలో సిటీలో ఎంత తిరుగుతాడో రాసి పంపమన్నాడు. మిగతావన్నీ రాశాడు, టార్క్ గ్రాఫ్ కోసం డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) దగ్గర టైమ్ తీసుకున్నాడు.